చార్టు చదువుడు నేర్వాలె.. చేను కుదువ పెట్టొద్దు

జూలై నెల వచ్చిందంటే ఫోన్ల స్టేట్‌మెంట్లు పట్టుకొని పిల్లలు నా తాన్కి వస్తరు. నల్లగొండల ఇన్‌కం టాక్స్ రిటర్నులు నింపే పని నాది. ఎన్కట టీచర్ల జీతం కాగితాలు, దుకాండ్ల లెక్కలే వచ్చేటివి. ఇప్పుడు మిర్యాలగూడ రైస్ మిల్లుల గుమస్తా నుంచి పోలేపల్లి సెజ్‌ల షిఫ్టు డ్యూటీ చేసే పిల్లగాని దాక అందరి తాన ట్రేడింగ్ స్టేట్‌మెంట్ ఉంటున్నది. పీడీఎఫ్ తెరిస్తే వందల లైన్లు. కింద ఆఖరి లైన్‌ల మైనస్ గుర్తు.

వాళ్లు అడిగే ప్రశ్న గూడ దాదాపు ఒక్కటే. ‘అన్నా, చార్టు కరెక్టే చదివిన. పైసలు ఎట్ల పోయినయ్?’

ఇది మంచి ప్రశ్న. ‘షేర్ మార్కెట్ అంటే జూదమే’ అని కొట్టిపారేస్తే దీనికి జవాబు చెప్పినట్టు కాదు. చార్టు చదువుడు ఒక విద్యనే. నేనూ చదువుత. కాకపోతే ఆ విద్య ఏం చెప్తదో, ఏం చెప్పదో తెల్వకుంటనే మన పిల్లలు పత్తి అమ్మిన పైసలు, చిట్టీ ఎత్తిన పైసలు, అమ్మ పుస్తెలతాడు మీద తెచ్చిన గోల్డ్ లోను తీస్కపోయి అండ్ల పోస్తున్నరు. అందుకే మొదటి నుంచి చెప్త.

మార్కెట్ యార్డు బోర్డు తెలిస్తే క్యాండిల్ తెలిసినట్టే

మన వ్యవసాయ మార్కెట్ యార్డులకు పల్లికాయనో వడ్లనో తీస్కపోయినోళ్లకు ఒక బోర్డు ఎర్కనే. దాని మీద ఆ రోజు కనిష్ట ధర, గరిష్ట ధర, మోడల్ ధర రాస్తరు. మోడల్ అంటే ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో అది. ఈ మూడు అంకెలు చూసి రైతు ఆ రోజు మార్కెట్ ఎట్లున్నదో చెప్తడు. కనిష్టానికీ గరిష్టానికీ నడుమ తేడా మస్తుగుంటే కొనేటోళ్లకు ఒక మాట మీద నిలకడ లేదన్నట్టు.

క్యాండిల్ గూడ అసొంటిదే. అండ్ల నాలుగు ధరలు ఉంటయ్. పొద్దుగాల ఏ ధర కాడ మొదలైంది, ఎంత పైకి పోయింది, ఎంత కిందికి దిగింది, ఆఖరికి ఎక్కడ ఆగింది. మొదలైన ధరకు, ఆగిన ధరకు నడుమ ఉండే మందం గీత క్యాండిల్ ఒళ్లు. పైన, కింద సన్నగ ఉండే వత్తులు ఆ రోజు గరిష్టం, కనిష్టం. మొదలైన కాడికంటే పైన ఆగితే పచ్చ, కింద ఆగితే ఎరుపు. అంతకు మించి అండ్ల మాయ ఏం లేదు.

ఈ పద్ధతి పుట్టింది గూడ షేర్ల మీద కాదు, బియ్యం మీద. జపాన్‌ల ఒసాకా నగరంల డోజిమా అనే బియ్యం మార్కెట్ ఉండేది. అక్కడి సర్కారు 1730ల దాన్ని అధికారికంగ గుర్తించింది. గోదాముల ఉన్న బియ్యం రశీదులనే కాదు, రాబోయే బియ్యం ధరను గూడ అక్కడ కొని అమ్మేటోళ్లు. సకాటా ఊరి బియ్యం వ్యాపారి హొమ్మా మునెహిసా పేరు మీదనే ఈ క్యాండిల్ విద్యను చెప్పుకుంటరు. 1991ల అమెరికాకు చెందిన స్టీవ్ నిసన్ పుస్తకం రాసినంక ఇది ప్రపంచమంతా పాకింది. అంటే మిర్యాలగూడల మిల్లు నడిపే మనిషికి ఇది కొత్త లోకం ఏం కాదు. సరుకు ఎవలి తాన ఉన్నది, ఎవలికి తొందర ఉన్నది, ఎవలు ఆగగలుగుతరు.. ఇదే లెక్క.

గుర్తులు ఏం చెప్తయ్?

ఒంటి క్యాండిల్ గుర్తులు కొన్ని ఉన్నయ్. మొదలైన కాడనే ఆగి, పైకి కిందికి వత్తులు ఉంటే దాన్ని ‘డోజి’ అంటరు. కొనేటోడు, అమ్మేటోడు ఇద్దరూ గుంజి గుంజి సమానంగ నిలిచిన్రన్నట్టు. కిందికి పొడుగు వత్తి, పైన చిన్న ఒళ్లు ఉంటే ‘హ్యామర్’, సుత్తె. ధర పడ్డది, పడ్డకాడ ఎవలో కొన్నరు, మళ్ల లేసింది. నిన్నటి ఎర్ర క్యాండిల్‌ను ఇయ్యాల్టి పచ్చ క్యాండిల్ మొత్తం మింగేస్తే ‘ఎన్‌గల్ఫింగ్’.

ఇగ చాన క్యాండిల్స్ కలిస్తే వచ్చే బొమ్మలు వేరు. ఒకే ధర కాడికి రెండుసార్లు పోయి తిరిగొస్తే ‘డబుల్ టాప్’. నడుమల ఎత్తు, అటు ఇటు తక్కువ ఎత్తు ఉంటే ‘హెడ్ అండ్ షోల్డర్స్’, అంటే తల, రెండు భుజాలు. భుజాల కింద గీసే గీతను ‘నెక్‌లైన్’ అంటరు. ధర ఆ గీత దాటి కిందికి దిగితే ఇంకా పడ్తదని అంచనా. జోరుగ లేసి కొన్ని రోజులు చిన్న జాగల ఊగిసలాడితే ‘ఫ్లాగ్’, జెండా.

ఇవన్నిటికి వేరు సపోర్టు, రెసిస్టెన్సు. వీటిని సమజ్ చేసుకుంటే మిగతావన్నీ సగం వచ్చినట్టే. పత్తికి కేంద్రం మద్దతు ధర ఇస్తది, సీసీఐ కొంటది. ప్రైవేటు వ్యాపారి అంతకన్న మస్తు తక్కువకు అడిగితే నాణ్యమైన పత్తి ఉన్న రైతు సీసీఐ కాడికి పోతడు. అది సపోర్టు. ఎందుకంటే అక్కడ కొనేటోడు ఉన్నడు, వాని పేరు గూడ తెలుసు. షేర్ చార్టుల సపోర్టు అంటే పోయినసారి ఆ ధర కాడ ఎవలో కొన్నరన్న జ్ఞాపకం. ఈసారి గూడ కొంటరని ఎవలూ రాసియ్యలే. సీసీఐ సెంటరు బందైతే పత్తి ధర ఏమయితదో మన రైతులకు చెప్పాల్నా? చార్టుల ఏ సపోర్టు అయినా ఎప్పుడైనా బందయ్యే సెంటరే.

దానికి తోడు చూడాల్సింది వాల్యూమ్. ఎన్ని షేర్లు చేతులు మారినయో అది. చెరువు అలుగు దుంకిందని ఎవలన్న చెప్తే, నీళ్లు ఎంత మందంగ దుంకుతున్నయని అడుగుతం కదా. రెసిస్టెన్సు దాటిందంటే గూడ అదే అడగాలె. తక్కువ వాల్యూమ్‌తోటి దాటింది తెల్లారేసరికి మళ్ల లోపలికే రావొచ్చు.

ఈ బొమ్మలు నిజమా, మన కండ్ల భ్రమనా?

ఇంట్ల కూసొని ఒక పని చేయుండ్రి. రూపాయి బిళ్ల ఎగరేయుండ్రి. బొమ్మ పడితే ఒక గడి పైకి, బొరుసు పడితే ఒక గడి కిందికి గీత గీయుండ్రి. రెండు వందలసార్లు ఎగరేసినంక ఆ కాగితం చూడుండ్రి. అండ్ల డబుల్ టాప్ కనవడొచ్చు, తల భుజాలు కనవడొచ్చు. బిళ్లకు కంపెనీ లేదు, లాభం లేదు, మేనేజర్ లేడు. అయినా మన కండ్లకు బొమ్మ కనవడ్తది. మబ్బుల ఏనుగు కనవడ్డట్టు. షికాగో యూనివర్సిటీ ప్రొఫెసర్ హ్యారీ రాబర్ట్స్ 1959లనే ఇసొంటి పరీక్ష చేసి, ఉత్త లెక్కల లాటరీతోటి గీసిన గీతలు షేర్ చార్టుల లెక్కనే ఉంటయని చూపెట్టిండు.

అట్లని అంతా ఉత్తదే అనుడు గూడ సరి కాదు. 2000 సంవత్సరంల ఆండ్రూ లో అనే ఎంఐటీ ప్రొఫెసర్, ఇంకిద్దరు కలిసి కంప్యూటర్‌తోటి వందల అమెరికా షేర్ల చార్టులు చదివించిన్రు. కొన్ని బొమ్మల్ల ఎంతో కొంత పనికొచ్చే సమాచారం ఉన్నదని తేల్చిన్రు. అయితే వాళ్లే ఇంకో మాట గూడ చెప్పిన్రు. సమాచారం ఉన్నదంటే దానితోటి లాభం గ్యారంటీ అని కాదు.

నేను చెప్పేది గీ నడిమి మాటనే. చార్టు మొగ్గు చెప్తది, తీర్పు చెప్పది. వానకారు మబ్బు చూసి ‘ఇయ్యాల పడేటట్టున్నది’ అంటం. అంటం గని, ఆ మాట మీద ఉన్న ఇత్తనాలన్నీ ఒక్కనాడే పోసుకుంటమా?

చార్టుకు కనవడని మూడు సంగతులు

మొదటిది, రేపటి వార్త. 2024 జూన్ 3 నాడు ఎగ్జిట్ పోల్స్ చూసి నిఫ్టీ మూడు శాతం పైన లేసి 23,263 కాడ కొత్త రికార్డుల ఆగింది. చార్టు చదివేటోళ్లకు అంతకన్న అందమైన బ్రేకౌట్ దొరకది. తెల్లారి ఎలక్షన్ ఫలితాలు వచ్చినయ్. ఒక్క రోజుల దాదాపు ఆరు శాతం పడి 21,884 కాడ ఆగింది. మళ్ల జూన్ 7 కల్లా 23,290 మీద నిలిచింది. ఐదు రోజుల్ల మూడు కతలు. బ్రేకౌట్ చూసి అప్పు తెచ్చి కొన్నోడు నాలుగో తారీఖునే మునిగిండు. సొంత పైసలతోటి షేర్లు కొని ఊకున్నోనికి వారం తిరిగేసరికి ఏం కాలే. ఇద్దరు చదివింది ఒకటే చార్టు. తేడా అప్పుల ఉన్నది.

రెండోది, కంపెనీ లోపలి లెక్క. దీన్ని మన హైదరాబాదే దేశానికి నేర్పింది. 2009 జనవరి 7 నాడు సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు లెటర్ రాసిండు. పుస్తకాల్ల చూపెట్టిన నగదు, బ్యాంకు నిల్వల్ల 5,040 కోట్లు అసలు లేనే లేవని ఒప్పుకున్నడు. ముందు రోజు 180 రూపాయల దగ్గర ఉన్న షేర్ సాయంత్రానికి 40 కాడికి వచ్చింది. ఏండ్ల సంది ఆ చార్టు మీద ఎందరో సపోర్టులు గీసిన్రు, ట్రెండ్‌లైన్లు గీసిన్రు. లేని పైసల మీద గీసిన గీత ఎంత సక్కగుంటే ఏం లాభం? ఇసొంటి రోజుల స్టాప్ లాస్ గూడ మనం అనుకున్న ధర కాడ పడ్తదన్న గ్యారంటీ ఉండదు. కొనేటోడే లేకుంటే అమ్ముడెట్ల?

మూడోది, ఆ క్యాండిల్‌ను ఎవలు గీస్తున్నరన్నది. 2025 జూలై 3 నాడు సెబీ అమెరికా కంపెనీ జేన్ స్ట్రీట్ మీద మధ్యంతర ఆర్డర్ ఇచ్చి, 4,843 కోట్లు జమ చేయాలన్నది. సెబీ ఆరోపణ ఏందంటే, పొద్దుగాల బ్యాంకు షేర్లు భారీగ కొని బ్యాంక్ నిఫ్టీని లేపిన్రు, అదే టైమ్‌ల ఇండెక్స్ పడ్తదని ఆప్షన్లల పెద్ద పందెం కట్టిన్రు, పొద్దు వాలేసరికి షేర్లు అమ్మి కిందికి దింపిన్రు. 2024 జనవరి 17 నాడు ఒక్క రోజుల్నే 700 కోట్ల పైన లాభం తీసిన్రని ఆ ఆర్డర్‌ల ఉన్నది. తాము తప్పు చేయలేదని కంపెనీ అంటున్నది. ఆ పంచాయితీ సంగతి అట్లుంచితే, నాకు ఇండ్ల కనవడేది ఒకటే. కొన్ని వేల కోట్లు చేతుల ఉన్నోడు తల్సుకుంటే పొద్దుటి పచ్చ క్యాండిల్‌ను తనే గీయగలుగుతడన్నది సెబీ మాట. పది వేలు పెట్టి ఆ క్యాండిల్ చదివే పిల్లగాడు వాని చేతిరాతను చదువుతున్నడన్నట్టు.

కరెక్టు చదివినా పైసలు ఎట్ల పోతయ్?

ఇగ నన్ను అడిగే ప్రశ్నకు వస్త. నా తాన్కి వచ్చే స్టేట్‌మెంట్లల ఎక్కువ నష్టం షేర్లల కాదు, ఆప్షన్లల ఉంటది. ఆప్షన్ కొనుడు అంటే షేర్ కొనుడు కాదు. ఈ తారీఖు లోపల ఈ ధర దాటుతదని ప్రీమియం కట్టుడు. ఆ తారీఖు దగ్గరికి వస్తుంటే ప్రీమియం మంచుగడ్డ లెక్క కరుగుతనే ఉంటది. నిఫ్టీ లేస్తదని చార్టు చూసి చెప్పినవ్, లేసింది. కాకపోతే నువ్వు అనుకున్న దానికి రెండు రోజులు ఆలస్యంగ లేసింది. దిక్కు కరెక్టే, పైసలు పోయినయ్. చార్టు దిక్కు చెప్తది, తారీఖు చెప్పది. ఆప్షన్‌కు రెండూ కావాలె.

సెబీ 2024 సెప్టెంబర్‌ల చెప్పిన లెక్క చూడుండ్రి. 2021-22 నుంచి 2023-24 దాక మూడేండ్లల ఫ్యూచర్స్, ఆప్షన్లు ఆడిన మామూలు జనం కోటి మందికి పైన. అండ్ల 93 శాతం మందికి నష్టమే. మొత్తం పోయింది 1.8 లక్షల కోట్ల పైన, సగటున ఒక్కొక్కరికి సుమారు రెండు లక్షలు. ఖర్చులు పోను లక్ష రూపాయల పైన లాభం చూసినోళ్లు ఒక్క శాతమే. ఆడినోళ్లల నాలుగింట మూడొంతుల మంది ఏడాది ఆదాయం ఐదు లక్షల లోపలనే చూపెట్టిన్రు. 72 శాతం పైన దేశంల ముప్పై పెద్ద నగరాల బయటోళ్లు, అంటే నల్లగొండ, పాలమూరు అసొంటి ఊర్లోళ్లు. 2023-24ల ఆడినోళ్లల 43 శాతం మందికి ముప్పై ఏండ్లు నిండలే. మరి ఆ పైసలు ఎటు పోయినయ్? ఖర్చులు తీయకముందు చూస్తే, ఆ ఏడాది పెద్ద ట్రేడింగ్ కంపెనీలు 33 వేల కోట్లు, విదేశీ సంస్థలు 28 వేల కోట్లు సంపాదించినయ్. అండ్ల దాదాపు అంతా కంప్యూటర్ ప్రోగ్రాములు ఆడిన ఆటనే. 2024-25ల గూడ 91 శాతం మందికి నష్టమే, పోయింది లక్షా 5 వేల కోట్లు.

జీతం పది పదిహేను వేలున్న పిల్లగాడు బాత్రూంల ఫోన్ పట్టుకొని ఆడుతుంటే, అటు దిక్కు కూసున్నది మనిషి కాదు, మిషిన్. ఈ సంగతి కోర్సు అమ్మేటోళ్లు చెప్పరు.

వాళ్ల సంగతి గూడ చెప్పాలె. ‘బాప్ ఆఫ్ చార్ట్’ పేరుతోటి చానెల్ నడిపినాయన మీద 2023 అక్టోబర్‌ల సెబీ ఆర్డర్ ఇచ్చి, కోర్సుల పేరుతోటి వసూలు చేసిన 17.2 కోట్లు జమ చేయాలన్నది. 2021 జనవరి నుంచి 2023 జూలై దాక ఆయన సొంత ట్రేడింగ్‌ల 2.89 కోట్ల నష్టం ఉన్నదని అదే ఆర్డర్ చెప్పింది. చార్టుకు అయ్య అని పేరు పెట్టుకున్నోని లెక్కనే అట్లున్నది. అందుకే 2025 జనవరిల సెబీ ఒక రూల్ తెచ్చింది. పాఠం చెప్పేటోళ్లు మూడు నెలల కింది ధరలతోనే పాఠం చెప్పాలని, ఇయ్యాల్టి ధర చూపెట్టి ‘ఇది కొను’ అనొద్దని అప్పుడు చెప్పింది. ఎవలన్న లైవ్‌ల చార్టు చూపెట్టి టిప్పు ఇస్తుంటే, సెబీ రిజిస్ట్రేషన్ నంబర్ అడుగుండ్రి. నంబర్ చెప్పకుంట మాట తిప్పితే ఆ గ్రూపుల నుంచి బయటికి రాండ్రి.

బొమ్మల కన్న ముందు లెక్క

ఒక లెక్క చేసి చూపెడ్త. నీ తాన యాభై వేలు ఉన్నయనుకుందాం. ఒక్కసారికి రెండు శాతం, అంటే వెయ్యి కన్న ఎక్కువ పోగొట్టుకోవద్దని గీత గీసుకున్నవ్. షేర్ 400 ఉన్నది. చార్టు ప్రకారం 390 కిందికి పోతే నీ అంచనా తప్పు. అంటే షేరుకు పది రూపాయల నష్టం. వెయ్యిని పదితోటి భాగిస్తే వంద షేర్లు. అంతకన్న ఒక్కటి ఎక్కువ కొనొద్దు. 420 కాడ అమ్మాలని అనుకున్నవ్, అంటే లాభం రెండు వేలు.

పదిసార్లు ఇట్ల చేస్తే నాలుగుసార్లు కరెక్టయి ఆరుసార్లు తప్పయిందనుకో. లాభం ఎనిమిది వేలు, నష్టం ఆరు వేలు. పన్నులు, చార్జీలు ఒక్కోసారికి వంద చొప్పున వెయ్యి. మిగిలింది వెయ్యి. నాలుగుకు బదులు మూడేసార్లు కరెక్టయితే? లాభం ఆరు వేలు, నష్టం ఏడు వేలు, చార్జీలు వెయ్యి. చేతి నుంచి రెండు వేలు పోయినయ్. పదింట్ల ఒక్కటి అటు ఇటు అయితే లాభం నష్టంగ మారింది. ఈ సన్నని గీత మీద నడుసుడే ట్రేడింగ్. ‘90 శాతం సక్సెస్’ అని ఎవలన్న చెప్తే, ఒకటే అడుగుండ్రి. కరెక్టయినప్పుడు ఎంత వస్తది, తప్పయినప్పుడు ఎంత పోతది? తొమ్మిదిసార్లు వంద వచ్చి పదోసారి రెండు వేలు పోతే ఆ 90 శాతం దేనికి?

ఇంకో లెక్క గూడ మనసుల పెట్టుకోవాలె. యాభై వేలు పాతిక వేలైతే, యాభై శాతం పోయినట్టు. మళ్ల యాభై వేలు కావాలంటే యాభై శాతం వస్తే సాలదు, వంద శాతం రావాలె. పోయింది తొందరగ తేవాలన్న కసి మీద పందెం డబుల్ చేసినోళ్ల స్టేట్‌మెంట్లు చూస్తే నాకు తారీఖులే కత చెప్తయ్. సోమవారం చిన్న నష్టం, మంగళవారం దానికి రెండింతలు, గురువారం ఖాతా ఖాళీ.

నేర్వాలంటే ఇట్ల నేర్వుండ్రి

వద్దు అంటే ఆగే వయసు కాదని నాకు ఎర్కనే. నేర్చుకునేటోళ్లకు నేను చెప్పేది ఇది.

ముందు మన చుట్టు ఉన్న కంపెనీతోటి మొదలు పెట్టుండ్రి. చౌటుప్పల్ కాడ దివీస్ ఉన్నది, పోలేపల్లిల అరబిందో ఉన్నది, మట్టంపల్లిల సాగర్ సిమెంట్స్ ఉన్నది. కొనుమని చెప్తలేను. ఆ కంపెనీ ఏం తయారు చేస్తది, అప్పు ఎంత, మూడు నెలలకోసారి ఇచ్చే ఫలితాల్ల ఏమున్నదో చదువుతూ దాని చార్టు చూస్తే, గీత ఎనుక మనుషులు, సరుకు కనవడ్తరు. ఐదు నిమిషాల చార్టు ఇడిసిపెట్టి రోజు చార్టు, వారం చార్టు చూడుండ్రి.

రెండోది, నోట్‌బుక్. చార్టు చూసి ఏమయితదని అనుకుంటున్నవో, ఏ ధర కాడ నీ అంచనా తప్పని ఒప్పుకుంటవో తారీఖు ఏసి ముందే రాయాలె. అయిపోయినంక చార్టు చూస్తే అందరూ పండితులే. ఒక్క రూపాయి పెట్టకుంట కనీసం యాభై అంచనాలు రాసి, ఎన్ని నిలబడ్డయో లెక్క చూసుకోవాలె. మీ సొంత సంఖ్య మీకు దొరుకుతది. యూట్యూబ్‌ల చెప్పే సంఖ్య మీది కాదు.

మూడోది, పైసలు పెట్టినా సొంత పైసలతోటి, షేర్లు కొని ఉంచుకునే పద్ధతిలనే. ఆప్షన్ల జోలికి పోవద్దు. అప్పు తేవద్దు. పెట్టుబడికి దాసిన పైసలు, బిడ్డ ఫీజు పైసలు, ఇంటి బంగారం ముట్టొద్దు.

నాలుగోది, నష్టం వచ్చిందని రిటర్ను ఎగ్గొట్టొద్దు. ఫ్యూచర్స్, ఆప్షన్ల లెక్క వ్యాపార ఆదాయం కింద చూపెట్టాలె. గడువు లోపల దాఖలు చేస్తే ఆ నష్టాన్ని ఎనిమిదేండ్ల దాక ముందు లాభాల్ల తగ్గించుకోవచ్చు. ఒకే రోజు షేర్లు కొని అమ్మిన నష్టమైతే నాలుగేండ్లు. ఇంట్ల తెలుస్తదని దాచిపెడితే ఆ ఒక్క ఆసరా గూడ పోతది.

ఆఖరికి ఇంటి పెద్దలకు ఒక మాట. పిల్లగాడు రాత్రంతా ఎర్ర పచ్చ గీతలు చూసుకుంట కూసుంటే తిట్టి తలుపేసుకోవద్దు. పక్కన కూసొని లెక్క అడుగుండ్రి. ‘ఇప్పటిదాక ఎంత పెట్టినవ్, ఎంత వచ్చింది, ఎవని తాన తెచ్చినవ్?’ యార్డుల పాట చూసినోళ్లు మీరు. ఎవలు అవసరం కొద్ది అమ్ముతున్నరో, ఎవలు ఆగి కొంటున్నరో మొఖం చూసి చెప్పగలుగుతరు. అవసరంల ఉన్నోడే ప్రతి మార్కెట్‌ల తక్కువకు అమ్ముకుంటడు. గంజ్‌ల అయినా, ఫోన్‌ల అయినా గదే రూల్. మీ పిల్లగానికి చార్టు నేర్పేటోళ్లు వెయ్యి మంది దొరుకుతరు. ఈ ముచ్చట చెప్పాల్సింది మాత్రం మీరే.